మెలకువలో పెట్టుకున్న టోపీ

ఏటికొప్పాక బొమ్మకు కళ్ళు మూసే ఏర్పాటు ఉండదు. కర్రను తిప్పుతూ లక్క పట్టించి, చివర్లో నల్లరంగుతో రెండు చుక్కలు పెట్టేస్తారు. ఇక ఆ బొమ్మ అటకెక్కేదాకా రెప్ప వేయకుండా లోకాన్ని చూస్తూనే ఉంటుంది. ఈ చిన్న సంగతి నాకు ముందే తట్టి ఉంటే, ఒక పిల్లనీ వాళ్ళ మామ్మనీ వెతుక్కుంటూ యూనిఫామ్‌తో బస్టాండుకు పరుగెత్తాల్సిన పని ఉండేది కాదు.

నేను నర్సీపట్నంలో ఒక చిన్న ఆస్పత్రిలో నర్సుగా చేరి, చాలాకాలం పిల్లల వార్డు చూసుకుని, అక్కడే రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటి అమ్మాయిలు డ్యూటీ దిగి మా వీధిలోంచి వెళ్తూ, గేటు దగ్గర ఆగి, "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. మీకు కావలసింది పరుగులు, రక్తం, ఆఖరి నిమిషంలో దక్కిన ప్రాణం. అవి నా దగ్గరా ఉన్నాయి. కానీ నాకు మాటిమాటికీ గుర్తొచ్చేది ఒక టోపీ కేసు. డాక్టర్లకు అది రోజూ చేసే ఆపరేషనే. ఇందులో ఎవరి పేరూ రాయను. ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ముందు నా బొమ్మ సంగతి చెప్పాలి. ఆపరేషన్ అంటే చిన్నపిల్లలకు కత్తి భయం ఉండదు. కత్తి సంగతి వాళ్ళకేం తెలుసు? ముక్కూ నోరూ లేకుండా కళ్ళు మాత్రమే ఉన్న మనుషులంటే భయం. అమ్మ చెయ్యి విడిపించి తోసుకుపోయే బండి అంటే భయం. అందుకని ఏటికొప్పాక వెళ్ళినప్పుడు ఒక లక్కబొమ్మ కొనుక్కొచ్చి, ఆపరేషన్ థియేటర్ పాత గుడ్డలోంచి దానికి పచ్చ గౌనూ పచ్చ టోపీ కుట్టాను. ఆపరేషన్‌కు ముందు రోజు పిల్లల మధ్యలో కూర్చుని ముందు బొమ్మకు ఆపరేషన్ చేసేదాన్ని. టోపీ పెట్టడం, మూతికి సీసా మూత ఆనించి గాలి మందు ఇవ్వడం, నిద్రపుచ్చడం, పొట్టకు ప్లాస్టర్ వేయడం, లేపడం. తర్వాత పిల్లలే డాక్టర్లయ్యేవాళ్ళు. మర్నాడు చాలామంది ఏడవకుండా థియేటర్‌లోకి వెళ్ళేవాళ్ళు. మా సర్జన్ గారు వచ్చినవాళ్ళందరికీ నా బొమ్మను చూపించి, "మా సిస్టర్ ప్రాక్టీసు నాకన్నా పెద్దది" అనేవారు. పొగిడితే పొంగని నర్సును నేనింకా చూడలేదు. నేనూ పొంగాను.

అలాంటి రోజుల్లో కొయ్యూరు అవతల కొండమీది ఊరి నుంచి ఒక పిల్లను తీసుకొచ్చారు. ఐదేళ్ళుంటాయి. పుట్టినప్పటి నుంచీ గజ్జలో ఉబ్బు ఉంది. ఏడిస్తే పైకొచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. ఈసారి బయటికి వచ్చి ఇరుక్కుపోయింది. పిల్ల వాంతులు చేసుకుంటుంటే తండ్రి జీపు మాట్లాడి కిందికి తెచ్చాడు. మా సర్జన్ గారు ఓపిగ్గా, చేత్తోనే మెల్లగా దాన్ని లోపలికి పంపించారు. తర్వాత తండ్రినీ మామ్మనీ కూర్చోబెట్టి చెప్పారు.

"ఇప్పటికి గండం గడిచింది. కానీ మళ్ళీ ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే పేగుకు రక్తం ఆడదు. మీరు కొండ దిగి వచ్చేలోగా పిల్ల దక్కకపోవచ్చు. మత్తు డాక్టరు గారు వచ్చే రోజున ఆపరేషన్ చేసేద్దాం. అందాకా ఇక్కడే ఉంచండి."

తండ్రి సంతకం పెట్టాడు. ఇంటి దగ్గర భార్య పురిటి మంచం మీద ఉందట, చూసేవాళ్ళు లేరట. పిల్లను తన తల్లికి అప్పజెప్పి ఆ పూట బస్సుకే వెళ్ళిపోయాడు. మామ్మ అన్నిటికీ తల ఊపింది. తల ఊపడమంటే ఒప్పుకోవడమేనని అనుకోకండి. ఈ ఒక్క ముక్క మీ శిక్షణలో ఎవరూ చెప్పరు గనక నేను చెబుతున్నాను.

వార్డులో మిగతా మంచాల చుట్టూ చుట్టాలు, క్యారియర్లు, ఆరెంజి పళ్ళు. ఈ మంచం దగ్గరికి వచ్చేవాళ్ళే లేరు. సాయంత్రం చూడ్డానికి వచ్చే వేళ మామ్మా మనవరాలూ గోడ వైపు తిరిగి కూర్చునేవాళ్ళు. ఫోన్ చేద్దామన్నా ఆ ఊళ్ళో సిగ్నల్ రాదు. తండ్రి సిగ్నల్ కోసం గట్టు ఎక్కి చేసినప్పుడు మా ఆస్పత్రి ఫోన్‌కు వస్తే, నేను పిల్లను పరుగెత్తించి తీసుకొచ్చేసరికి లైను తెగిపోయేది.

అలాంటి మంచాలంటే నాకు కొంచెం పక్షపాతం. మాది ఎస్. రాయవరం వైపు, మిషన్ చర్చి కుటుంబం. నాన్న నేను చదువుకునేటప్పుడే పోయారు. పెళ్ళి కుదరలేదు, తర్వాత నేనే వద్దన్నాను. అమ్మ ఉన్నంతకాలం నాతోనే ఉంది. అమ్మ పోయాక ఇల్లంటే తాళం తీసి వేసుకునే గదిగా మారింది. పగలంతా ఊరందరికీ సిస్టర్ని. సాయంత్రం తాళం తీశాక ఎవరికీ ఏమీ కాను. దాన్ని గురించి ఏడుస్తూ కూర్చోలేదు. కానీ ఒంటిగా ఉన్నవాళ్ళు నాకు దూరం నుంచే తెలిసిపోతారు.

మత్తు డాక్టరు గారు వచ్చే రోజు ఇంకా కొంచెం దూరంలో ఉండగానే, ఈ పిల్ల కొత్తది గదా అని ముందుగానే బొమ్మ తీశాను. చుట్టూ పిల్లలు చేరారు. మామ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని చూస్తోంది. టోపీ పెట్టాను, గౌను తొడిగాను, గాలి మందు ఇచ్చాను. "ఇదిగో, బొమ్మ నిద్రపోయింది" అన్నాను.

ఆ పిల్ల వంగి చూసింది. "పడుకోనేదు. కళ్ళు తెరిసే ఉన్నాది."

"పడుకుందమ్మా."

"నేదు. నన్నే సూత్తంది."

పిల్లలందరూ గొల్లుమన్నారు. ఇన్నాళ్ళలో ఎవరూ వేయని ప్రశ్న. నా పరువు నిలబెట్టుకోవాలి కదా. ట్రేలోంచి కట్లు కట్టే తెల్లటి గాజుగుడ్డ తీసి బొమ్మ ముఖం మీద పూర్తిగా కప్పాను. "ఇప్పుడు పడుకుందా?" అన్నాను. పిల్ల ఒప్పుకుంది. నేను గెలిచాననుకున్నాను.

ఇంతలో అటు చివర మంచం మీద పసిబిడ్డకు సెలైన్ ఊడిపోయిందని పిలిస్తే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ. గుడ్డమూట లేదు, మామ్మ లేదు, పిల్ల లేదు. బొమ్మను మాత్రం దిండు మీద జాగ్రత్తగా పడుకోబెట్టారు. గాజుగుడ్డ మడత పెట్టి పక్కన ఉంచారు.

సర్జన్ గారికి చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. "కొండెక్కాక మళ్ళీ ఇరుక్కుంటే ఏం చేస్తారండీ? మీరు వెళ్ళండి సిస్టర్, బస్సు ఎక్కకముందే పట్టుకోండి" అన్నారు. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి, "తిట్టకండి" అని కూడా అన్నారు. నా సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఆటోలో కూర్చుని తిట్లన్నీ వరసగా పేర్చుకున్నాను. పిల్ల ప్రాణం మీదికి తెస్తున్నావా, చదువుకున్నవాళ్ళు చెబితే వినవా, ఇలాంటివే. బస్టాండు కాంప్లెక్సులో కొయ్యూరు బస్సు ఆగే చోట సిమెంటు బెంచీ మీద ఇద్దరూ ఉన్నారు. పిల్ల అరటిపండు తింటోంది. నన్ను చూసి, ఎవరో చుట్టం వచ్చినట్టు, "నర్సమ్మొచ్చింది మామ్మా!" అని అరిచింది. నా తిట్లన్నీ ఎటు పోయాయో పోయాయి. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

మామ్మ నా వైపు చూడలేదు. "నువ్వు మంచిదానివే నర్సమ్మా. నానేటీ అన్ను. కానీ నా మనవరాల్ని, ఈ గుంటని పీనుగులా కప్పెడతానంటే ఎలా ఉండమంటావు?"

"పీనుగేమిటమ్మా! బొమ్మకు కళ్ళు మూతపడవని గుడ్డ వేశాను."

"మొకం మీద తెల్లగుడ్డ ఎప్పుడేస్తారో మీ ఊరోల్లకి తెల్దేటి?"

తెలుసు. మా అమ్మ ముఖం మీద కప్పింది నేనే. ఆ వార్డులోనే ఎన్నిసార్లు కప్పానో. అలవాటైన చెయ్యి అంతే, ఏ గుడ్డ ఎక్కడ వేస్తోందో చూసుకోదు. బొమ్మలాటలో నేను వేసింది పప్పులో కాలు కాదు, ఏకంగా ఆ పిల్ల ప్రాణం మీద వేశాను. తప్పయింది అమ్మా అన్నాను. బెంచీ మీద, అందరూ వింటుండగానే అన్నాను.

అప్పుడు ముసలామె నా వైపు తిరిగింది. "అదొక్కటే కాదు. గుంటకి నిద్దర మందిస్తారు కదా. నిద్దరోతే మనిసిలో జీవుడు బయటికెల్తాడు. తిరిగి తిరిగి వస్తాడు. వచ్చినోడు మొకం సూసే కదా, ఇది నా ఇల్లేనని లోపలికెల్లాలి. మీరు పడుకోబెట్టి టోపీలెడతారు, బట్టలు మార్సెత్తారు, మూతికేదో కట్టెత్తారు. పాపం ఆడికి ఎలా తెలుత్తాది? మా ఇంటికాడ పడుకున్న గుంటకి బొట్టు కూడా ఎట్టం."

మా పాస్టరు గారు వింటే ఏమనేవారో నాకు తెలుసు. నేనూ ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునే మనిషినే. కానీ వాదించబుద్ధి కాలేదు. చిన్నప్పుడు మా అమ్మ కూడా పడుకున్న మమ్మల్ని దాటి నడిచేది కాదు. దాటితే పిల్లలు ఎదగరని. బైబిల్లో ఎక్కడుందే అని నేనడిగితే, అన్నీ బైబిల్లోనే ఉంటాయా అనేది.

కొయ్యూరు బస్సు వచ్చి ఆగింది. జనం కిటికీల్లోంచి తువ్వాళ్ళు వేసి సీట్లు పట్టేస్తున్నారు. మామ్మ మూట భుజానికెత్తుకుంది. ఏప్రాను జేబులో చెయ్యి పెడితే థియేటర్ టోపీ ఒకటి తగిలింది, పొద్దున తీసి కుక్కుకున్నది. దాన్ని చూడగానే తట్టింది అడిగేశాను.

"నిద్రలో పెట్టకూడదు సరే. మెలకువగా ఉన్నప్పుడు పెడితేనో?"

మూట ఎత్తుకున్న మనిషి ఆగింది. "మేలుకుండగానా?"

"ఇవాళ పెడతాం. టోపీతోనే అన్నం తింటుంది, టోపీతోనే ఆడుకుంటుంది, టోపీతోనే రాత్రి పడుకుని పొద్దున లేస్తుంది. అప్పుడు జీవుడికి అలవాటైపోతుంది కదా?"

నేను ఆ టోపీ నా నెత్తిన పెట్టుకుని చూపించాను. బస్టాండంతా నన్నే చూసింది. జామకాయల ఆమె అమ్మకం ఆపి మరీ చూసింది. పిల్ల పకపకా నవ్వి, తనకిమ్మని చేతులు చాపింది. పెట్టాను. కళ్ళ మీదికి జారింది. దాన్ని పైకి తోసుకుని మామ్మకేసి చూసి, "నానేనే మామ్మా" అంది.

ముసలామె టోపీ కింద పిల్ల ముఖాన్ని వెతికి చూసింది. కండక్టర్ విజిల్ వేశాడు. "ఎవులు పడుకోబెడితే ఆలే లేపాల. పరాయోలు లేపకూడదు" అంది.

"నేనే లేపుతాను."

"ఇంటికాడ పేరెట్టి లేపాల. కాయితం మీద పేరు దానికి తెల్దు."

"ఆ పేరేమిటో నాకు చెప్పు."

నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. బస్సు వెళ్ళిపోయింది.

ఆ టోపీ మీద వార్డులో కలకలం రేగింది. నేను పిల్ల తలకు సరిపడేలా రెండు కుట్టాను. ఒకటి వార్డులో తిరగడానికి. అదే గుడ్డతో అచ్చం అలాంటిదే ఇంకొకటి, శుభ్రం చేసి థియేటర్‌కు దాచింది. ఆ రెండోది థియేటర్ గుమ్మం దగ్గర, పిల్ల మేలుకుని ఉండగానే మారుస్తానని మామ్మకు ముందే చెప్పాను. నిజం దాచి ఒప్పించిన ఒప్పుదల థియేటర్ గుమ్మం దాకా కూడా రాదు. పొట్ట కింద గోధుమరంగు మందు పూస్తారని కూడా చెప్పేశాను. ఆమె, "పొట్ట సూసి ఎవులు గుర్తుపడతారే? మొకం మీద పుయ్యకండి సాలు" అంది. మొలతాడు విప్పాలన్నాను. "అది నానే ఇప్పుతాను" అంది.

సర్జన్ గారు రౌండ్స్‌కు వచ్చి, పచ్చ టోపీతో ఇడ్లీ తింటున్న పేషెంటును చూసి నిలబడిపోయారు. "ఏంటి సిస్టర్, ఈవిడ నాకు అసిస్టెంటా?" అన్నారు. జరిగింది చెప్పాను. పిల్ల నిద్రపోయేదాకా నేను పక్కన ఉండాలని, లేపేటప్పుడు కూడా నేనే ఉండాలని అడిగాను. ఆ రోజు థియేటర్ డ్యూటీ నాది కాదు. ఆయన కాసేపు గొణిగారు. వార్డు ఎవరు చూస్తారన్నారు. చివరికి, "జీవుడు దారి తప్పితే నా మీదికి రాకుండా చూడండి" అని నా డ్యూటీ మార్పు కాగితం మీద సంతకం పెట్టేశారు.

గాలి మందు మాస్కు మాత్రం నన్ను బెంగపెట్టింది. అది ముఖానికి పెట్టేదే కదా. మత్తు డాక్టరు గారికి ఫోన్ చేసి బతిమాలితే, పాత మాస్కు ఎక్కడుందో చెప్పారు. పిల్ల దాన్ని తను పెట్టుకుంది, బొమ్మకు పెట్టింది, మామ్మకూ పెట్టింది. మామ్మ ఒకసారి ఊపిరి పీల్చి, "ఒలమ్మా, సైకిలు ట్యూబు కంపు!" అని విదిలించింది. వార్డంతా నవ్వింది. గోడ వైపు తిరిగి కూర్చునే ఆ ఇద్దరూ ఇప్పుడు వార్డు వైపు తిరిగి కూర్చుంటున్నారని నేను అప్పుడే గమనించాను.

ఒక మధ్యాహ్నం పిల్ల నన్ను పేషెంటుగా పడుకోమంది. పనేమీ లేని వేళ. ఖాళీ మంచం మీద పడుకున్నాను. నాకు టోపీ పెట్టింది, మాస్కు పెట్టింది. తర్వాత ఆగింది.

"నీ పేరేటి?"

చెప్పాను.

"అది కాయితం మీద పేరు. ఇంటికాడ పేరు సెప్పు. నేకపోతే ఎలా లేపుతాను?"

మామ్మ నేలమీద నుంచి చూస్తోంది. అమ్మ పెట్టిన పేరొకటి ఉంది. ఏమంత గొప్ప పేరు కాదు. అమ్మ వంటింట్లోంచి, పెరట్లోంచి, చివరి రోజుల్లో మంచం మీంచి పిలిచిన పేరు. అమ్మ పోయాక ఎవరూ పిలవలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. మెల్లగా చెప్పాను. కళ్ళు మూసుకున్నాను.

ఆ పిల్ల నా పొట్ట మీద ఏదో కోసింది, కుట్టింది. తర్వాత నా చెవి దగ్గర ఆ పేరు పెట్టి పిలిచింది.

నేను లేవలేదు. లేవలేకపోయాను. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ పేరు నా చెవిన పడింది. ఇంకోసారి పిలిస్తే బాగుండునని అలాగే పడుకున్నాను. పిలిచింది. మూడోసారి భయపడి భుజం పట్టి కుదిపింది. కళ్ళు తెరిచేసరికి చెంపల మీద తడి. పిల్ల అది చూసి, "మామ్మా, నర్సమ్మకి నొప్పెట్టిసింది" అంది. ముసలామె ఆ సాయంత్రం నుంచి నన్ను నర్సమ్మా అనడం మానేసింది. మా అమ్మ పిలిచిన పేరుతోనే పిలిచింది. మందులు తెచ్చినా ఆ పేరే, దుప్పటి అడగాలన్నా ఆ పేరే. వయసులో నాకన్నా మరీ పెద్దదేం కాదు. అయినా ఆ పిలుపు చెల్లింది.

ఆపరేషన్ రోజు పొద్దున పిల్ల కడుపు ఖాళీగా ఉంచాం. మామ్మ తనూ టీ ముట్టలేదు. ఎందుకమ్మా అంటే, "గుంట తినకండా నాకు దిగుతాదేటి?" అంది. థియేటర్ దాకా పిల్లను బండి మీద తోయలేదు, నడిపించాను. గుమ్మం దగ్గర మామ్మ మొలతాడు విప్పి తన వేలికి చుట్టుకుంది. నేను టోపీ మార్చాను. పిల్ల చేత్తో తడుముకుని చూసుకుంది. మామ్మ మనవరాలి ముఖాన్ని కాసేపు తేరిపార చూసింది. బహుశా జీవుడికి తనూ ఒక మాట చెప్పిందేమో. తలుపు మూసుకుంది.

లోపల ఆ పెద్ద లైటు చూసి పిల్ల చెయ్యి బిగిసింది. అంతవరకూ ఆటగా ఉన్నదంతా ఒక్కసారి నిజమైపోయింది. ఇంతమందిమి చుట్టూ ఉన్నా ఆ బల్ల మీదికి ఎక్కేది ఒక్కరే. ఆ సంగతి ఐదేళ్ళ పిల్లకూ తెలిసిపోతుంది. మత్తు డాక్టరు గారు మాస్కు అందుకోబోతే, "నానే ఎట్టుకుంతాను" అంది. పెట్టుకుంది. నా వైపు చూస్తూ మాస్కు లోపల్నుంచి అడిగింది.

"నువ్వు పడుకుంతే నిన్నెవులు లేపుతారు?"

ఆ మాట మీదే దాని కళ్ళు మూతపడ్డాయి.

ఆపరేషన్ సాఫీగానే జరిగింది. అందులో చెప్పుకోవలసినదేమీ లేదు. సర్జన్ గారి చెయ్యి మంచిది. పిల్లను పక్క గదిలోకి మార్చాం. మత్తు డాక్టరు గారు బుగ్గ మీద తడుతూ కేసు షీటు మీది పేరుతో పిలిచారు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ పిలిచారు. "లేస్తుందిలే, టైం పడుతుంది" అని నాడి చూస్తూ కూర్చున్నారు. ఊపిరి బాగుంది, రంగు బాగుంది, అన్నీ బాగున్నాయి. నా సర్వీసులో ఇలా ఆలస్యంగా లేచిన పిల్లల్ని లెక్కలేనంతమందిని చూశాను. అయినా ఆ పూట పిల్ల పక్కనుంచి కదల్లేదు. గుమ్మం అవతల మొలతాడు వేలికి చుట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉంది. నా మాట మీదే బస్సు వదిలేసుకుంది.

వంగి, చెవి దగ్గర, ఇంటికాడ పేరు పెట్టి పిలిచాను.

రెప్పలు కదిలాయి. ఇంకోసారి పిలిచాను. కళ్ళు తెరిచి నా ముఖంలోకి చూసింది. గుర్తుపట్టడానికి కాస్త సమయం తీసుకుంది. తర్వాత చెయ్యి మెల్లగా పైకెత్తి తన తల తడుముకుంది. "ఉన్నాది" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది, ఈసారి మామూలు నిద్ర.

"మందు దిగే వేళయింది సిస్టర్, అందుకని లేచింది" అన్నారు మత్తు డాక్టరు గారు.

"అవునండీ" అన్నాను. ఆయన చెప్పింది నిజమే. ఆ నిజం తీసుకెళ్ళి మామ్మకు చెప్పాలని మాత్రం నాకు అనిపించలేదు. బయటికి వెళ్ళి, "వచ్చాడమ్మా" అన్నాను. ఆమె రెండు చేతులతో నా ముఖం పట్టుకుంది.

వాళ్ళు వెళ్ళిపోయే రోజు బస్టాండుకు నేనూ వెళ్ళాను. పేషెంట్లను బస్సెక్కించడం నా డ్యూటీలో లేదు. పిల్ల ఆ టోపీ పెట్టుకునే బస్సెక్కింది. బొమ్మను కూడా ఇచ్చేశాను. కళ్ళు మూయని ఆ బొమ్మతో మళ్ళీ ఆట ఆడే ధైర్యం నాకు లేదు. కండక్టర్ రైట్ అన్నాక మామ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, మా అమ్మ పిలిచినట్టే ఆ పేరు పెట్టి, "ఎల్లొస్తామే! బేగి ఇంటికెల్లు, ఎండగా ఉన్నాది!" అని అరిచింది. ఇంటికి వెళ్ళి తాళం తీశాను. మరెవరూ ఆ పేరుతో నన్ను పిలవలేదు.

కుట్లు కొయ్యూరు ఆస్పత్రిలోనే చూపిస్తామన్నారు, చూపించే ఉంటారు. తర్వాత ఎవరో కొండ నుంచి దిగినవాళ్ళ చేత ఒక చీపుర్ల కట్ట పంపించారు. పిల్ల బడికి వెళ్తోందని వాళ్ళే చెప్పారు. ఆ చీపుర్లు అరిగిపోయేదాకా వాడాను.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నాకు పిత్తాశయంలో రాళ్ళట. విశాఖపట్నంలో ఆపరేషన్ పెట్టారు, వచ్చే వారమే. నిన్న ఆ ఆస్పత్రి నుంచి ఫోన్ చేసిన అమ్మాయి, "మేడమ్, మీతో తోడు ఎవరొస్తారు?" అని అడిగింది. ఎవరో ఒకరు వస్తారులే అన్నాను. పక్కింటివాళ్ళను అడిగితే వస్తారు, చర్చివాళ్ళూ వస్తారు. మంచివాళ్ళే. వాళ్ళందరికీ నేను సిస్టర్ గారినే.

ఫోన్ పెట్టేశాక కుట్టుమిషన్ తీసి ఒక పచ్చ టోపీ కుట్టుకున్నాను. నిన్నటి నుంచి ఇంట్లో అదే పెట్టుకుని తిరుగుతున్నాను. పాలవాడు చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వుకోనివ్వండి. టోపీతోనే అన్నం తిన్నాను, టోపీతోనే పడుకుని లేచాను. ఇదే మాట ఎవరైనా నాతో చెబితే మీలాగే నేనూ ముసిముసిగా నవ్వి ఉండేదాన్ని. కానీ ఒంటిగా ఉండే మనిషికి ముందుజాగ్రత్త ఎక్కువ.

టోపీ సంగతి నేను చూసుకోగలను. పేరు పెట్టి లేపడం మాత్రం ఎవరికి వాళ్ళు చేసుకోలేరు. మీలో కొందరు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారని విన్నాను. ఆ రోజు నా బల్ల పక్కన నిలబడే పిల్లవు నువ్వే అయితే, మాస్కు పెట్టేముందు ఒక్కసారి వంగి నా నోటి దగ్గర చెవి పెట్టు తల్లీ. ఆ పేరు నీకు చెబుతాను.